చివరగా వచ్చినవానికి చప్పట్లు



మార్చి నెల వచ్చిందంటే మన తెలుగిళ్లలో టీవీ గొంతు తగ్గుతుంది. చుట్టాల రాకపోకలు తగ్గుతాయి. తెల్లవారుజామున నాలుగు గంటలకే ఏదో ఒక గదిలో లైటు వెలుగుతుంది. పదవ తరగతి పిల్లలు, ఇంటర్ పిల్లలు ఉన్న ఇళ్లలో పెద్దలు సైతం అడుగుల చప్పుడు కాకుండా నడుస్తారు. ఇల్లంతా ఒక పరీక్ష హాలుగా మారిపోతుంది.

ఇదే మార్చి నెలలో భూగోళానికి ఉత్తరపు కొసన ఉన్న నార్వే దేశంలో, ఓస్లో పట్టణం పైనున్న కొండ మీద మరొక రకం పరీక్ష జరుగుతుంది. అది మంచు మీద జరిగే పరీక్ష. దానిని చూడటానికి తాతలు, మనుమలు, చంకబిడ్డల తల్లులు వేలాదిగా కొండ ఎక్కుతారు. మా బావమరిది ఉద్యోగరీత్యా ఆ పట్టణంలో ఉంటున్నందున, ఆ మధ్య ఒక మార్చిలో మా కుటుంబమంతా ఆ పోటీలు చూసే అవకాశం కలిగింది. ఈ శీర్షికలో ఆటల సంగతి ఏమిటని కొందరు అనుకోవచ్చు. కాస్త ఓపికతో చదివితే ఇది మన ఇంటి సంగతేనని మీకే తెలుస్తుంది.

చలికి సిద్ధపడటం

ఆ కొండ పేరు హోల్మెన్‌కొల్లెన్. అక్కడ ప్రతి ఏటా స్కీ పోటీలు జరుగుతాయి. స్కీలంటే కాళ్లకు కట్టుకొనే పొడవాటి పలుచని బద్దలు. వాటి మీద మంచులో జారుతూ పోతారు. ఆ దేశంలో దీనిని ఆటగా చెప్పుకొనేకంటే నడక నేర్చినట్లు నేర్చే విద్యగా చెప్పుకోవటం సబబు. పూర్వం శీతకాలంలో ఊరి నుండి ఊరికి పోవాలంటే అదే దారి.

శనివారం ఒక రోజు, ఆదివారం ఒక రోజు పోటీలు ఉంటాయి. అందులో ఆదివారమే పెద్ద దినమని ఆ దేశపు వాడుక. ఆదివారం ఆరాధన మానకూడదని మేము శనివారమే బయలుదేరాము. మా బావమరిది ముందు రోజు రాత్రే అందరికీ బట్టలు తీసి పెట్టాడు. ఒంటికి తగిలేది ఉన్ని బనియను, దాని మీద స్వెట్టరు, ఆ పైన గాలి చొరని కోటు. నూలు బనియను వద్దన్నాడు. చెమట పడితే నూలు తడిసి ఒంటికి అంటుకొని చలి పెంచుతుందట, ఉన్ని తడిసినా వెచ్చగానే ఉంటుందట. "చెడ్డ వాతావరణమంటూ లేదు బావగారూ, చెడ్డ బట్టలే ఉన్నాయి అంటారు ఇక్కడ" అని నవ్వాడు. ఆ మాట ఆ దేశంలో సామెత. కూర్చోవటానికి మనిషికొక చిన్న ఫోము అట్టముక్క కూడా ఇచ్చాడు. మంచు మీద కూర్చుంటే అది లేనిదే అయిదు నిమిషాలు కూడా ఉండలేమని తరువాత తెలిసింది.

మా శ్రీమతి నిమ్మకాయ పులిహోర కలిపి డబ్బాలో పెట్టారు. మరదలు ఫ్లాస్కులో వేడి పాలు, రొట్టె ముక్కలు, నారింజ పండ్లు, ఒక చాక్లెట్టు పొట్లం పెట్టింది. స్కీయింగుకు వెళ్లేవారు నారింజలు, క్విక్ లున్ష్ అనే చాక్లెట్టు తీసుకువెళ్లటం అక్కడ ఆనవాయితీ. ఆ చాక్లెట్టు 1937 నుండి ఉన్నదట. మధ్యాహ్నానికి మా పులిహోర మెతుకు మెతుకూ రాయి అయింది. నారింజలు మాత్రం తినగలిగాము.

పట్టణంలో నుండి ఒకటవ నంబరు మెట్రో రైలు నేరుగా కొండ మీదికి పోతుంది. కొండ మీదికి రైలు దారి వేసింది 1898లో. ఆ రైలులో మేము చూసిన జనంలో గొప్పవారెవరో, సామాన్యులెవరో చెప్పటం కష్టం. అందరి తలకూ ఉన్ని టోపీయే, అందరి వీపునా సంచియే. ఈ రైలును గురించి ఆ దేశంలో చిన్నపిల్లవానికి కూడా తెలిసిన సంగతి ఒకటి ఉంది. 1973లో ప్రపంచమంతటా పెట్రోలు కొరత వచ్చినప్పుడు వారాంతాల్లో కార్లు తిప్పరాదని ప్రభుత్వం ఆజ్ఞ పెట్టింది. అప్పటి రాజు ఐదవ ఓలావ్‌కు స్కీయింగుకు వెళ్లాలనిపించింది. ఆయన స్కీలు పట్టుకొని అందరితోపాటు ఈ రైలే ఎక్కాడు, టిక్కెట్టు డబ్బులు ఇవ్వబోయాడు. ఆ క్షణాన తీసిన ఫొటో ఇప్పటికీ ప్రసిద్ధం. ఆ రాజు యువరాజుగా ఉన్నప్పుడు 1922లోను, 1923లోను ఇదే కొండ మీద స్కీ దూకుడు పోటీలో పాల్గొన్నాడు. చట్టం పెట్టే ఇంటిలోని పెద్దే ఆ చట్టానికి ముందుగా లోబడితే పిల్లలకు వేరే ఉపదేశం అక్కరలేదు గదా!

కొండ కథ

కొండ పైకి చేరగానే కనబడేది ఆకాశంలోకి లేచిన ఉక్కు కట్టడం. అదే దూకుడు బురుజు. ఇప్పుడున్నది 2010లో వాడుకలోకి వచ్చింది. ఆటగాడు దాని శిఖరాన ఒక కమ్మీ మీద కూర్చుంటాడు. దీపం ఆకుపచ్చగా వెలగగానే కింద గట్టు మీద నిలిచిన శిక్షకుడు జెండా ఊపుతాడు. అప్పుడు అతడు కమ్మీ వదలి, గాడి వెంట గంటకు 90 కిలోమీటర్లకు మించిన వేగంతో జారి, అంచు దగ్గర పైకి లేచి గాలిలోకి దూకుతాడు. రెక్కలు లేవు, తాడు లేదు, కాళ్లకు రెండు బద్దలు మాత్రమే. నాలుగైదు సెకన్లు గాలిలో తేలి, నూరు గజాలకు ఆవల దిగుతాడు.

ఇక్కడ మొదటి పోటీ 1892 జనవరి 31న జరిగింది. ఆనాడు అందరికంటే దూరం దూకినవాడు 21న్నర మీటర్లు దూకాడు. జనం అదే అద్భుతమనుకొన్నారు. 2019లో ఇదే కొండ మీద రాబర్ట్ యొహాన్సన్ అనే నార్వే ఆటగాడు 144 మీటర్లు దూకాడు. కొండ అదే, మనుష్యుని ఎముకలూ అవే. తరం వెంట తరం ఒకరు తెలుసుకొన్నది మరొకరికి అప్పగిస్తూ పోతే ఇంత దూరం వచ్చింది.

మా అబ్బాయి ఆరవ తరగతి. వాడికి మార్కుల లెక్క తెలుసుకోవాలని ఆత్రం. వాళ్ల మామయ్య వివరంగా చెప్పాడు. కొండ మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత దగ్గర దిగితే దూరానికి 60 పాయింట్లు. దానిని దాటిన ప్రతి మీటరుకు 1.8 పాయింట్లు కలుపుతారు, తగ్గిన ప్రతి మీటరుకు అంతే తీసివేస్తారు. అది గాక అయిదుగురు న్యాయనిర్ణేతలు గాలిలో ఎలా ఉన్నాడు, ఎలా దిగాడు అని చూసి 20కి మించకుండా మార్కులు వేస్తారు. ఆ అయిదింటిలో అన్నిటికంటే ఎక్కువది, అన్నిటికంటే తక్కువది తీసివేసి మిగిలిన మూడే లెక్కిస్తారు. ఒకరి అభిమానం గాని, ఒకరి ద్వేషం గాని ఫలితాన్ని మార్చకూడదని ఈ ఏర్పాటు. ఎదురుగాలి దొరికితే ఆటగాడు తేలికగా తేలుతాడు, వెనుకగాలి వస్తే అణగిపోతాడు. కాబట్టి 2009-10 పోటీల కాలం నుండి గాలిని కూడా కొలిచి, అనుకూలంగా ఉన్నవానికి కొంత తగ్గించి, ప్రతికూలంగా ఉన్నవానికి కొంత కలుపుతున్నారు.

ఈ లెక్క విన్నప్పుడు మా శ్రీమతి ఒక మాట అన్నారు. "ఏ గాలిలో దూకాడో చూసి మార్కులు వేస్తున్నారే! మన పిల్లలకు అలా ఎవరు వేస్తారు?" తండ్రి లేని పిల్లవాడు, సాయంత్రం కొట్టులో పనిచేసి చదువుకొనే పిల్లవాడు, ఇంటిలో రోజూ గొడవల మధ్య పుస్తకం తెరిచే పిల్ల - వీరందరూ వెనుకగాలిలో దూకుతున్నవారే. బోర్డు వారి మార్కుల పట్టీలో ఆ గాలికి గడి లేదు. కాని తల్లిదండ్రుల కన్ను, ఉపాధ్యాయుల కన్ను ఆ గాలిని చూడగలదు.

తప్పు మార్కులు వచ్చినవాడు

ఈ ఆట చరిత్రలో యాన్ బొక్లోవ్ అనే స్వీడన్ దేశస్థుడు ఉన్నాడు. అతని కాలం వరకు అందరూ గాలిలో రెండు స్కీలను జోడుగా, పక్క పక్కన పెట్టి తేలేవారు. అదే అందమని నియమం. బొక్లోవ్ స్కీల ముందు కొసలను విడదీసి, ఇంగ్లీషు వి అక్షరంలాగా పెట్టి తేలటం మొదలుపెట్టాడు. అలా పెడితే గాలి మనిషిని ఎక్కువగా ఎత్తి పట్టుకొంటుంది, దూరం పెరుగుతుంది. కాని న్యాయనిర్ణేతలకు అది వికారంగా కనబడింది. ప్రతి దూకుడుకూ అతని మార్కులు కోసివేసేవారు. అయినా అతడు 1988-89లో ప్రపంచ కప్పు మొత్తం మీద మొదటివాడుగా నిలిచాడు. మరి కొన్ని ఏళ్లకే అందరూ ఆ పద్ధతికి మారారు, నియమాలూ మారాయి. మేము ఆ రోజు చూసిన ప్రతి ఆటగాడూ బొక్లోవ్ లాగానే తేలాడు.

మార్కులు తక్కువ వచ్చిన ప్రతివాడూ బొక్లోవ్ అని మేము అనటం లేదు. చాలాసార్లు మార్కు తగ్గిందంటే పని తగ్గిందనే అర్థం. కాని కొలిచే బద్ద చూడలేనిది కొలవబడేవానిలో ఉండవచ్చునని పెద్దలు జ్ఞాపకముంచుకోవాలి.

పొగమంచులో ప్రేక్షకులు

ఆ కొండకు పొగమంచు పాత చుట్టం. మేము నిలబడిన గంటలోపే అది దిగివచ్చింది. బురుజు సగం మాయమైంది. తరువాత మొత్తం మాయమైంది. దీపం ఎర్రగానే ఉండిపోయింది. న్యాయనిర్ణేతలకు కనబడకపోతే పోటీ సాగదు. అరగంట గడిచింది. మా అమ్మాయి కాలివేళ్లు తిమ్మిరెక్కాయని ఏడుపు మొఖం పెట్టింది. మామయ్య దానిని ఎత్తుకొని గెంతించాడు, వాళ్లమ్మ బూట్లు విప్పి వేళ్లు రుద్దారు. చుట్టూ ఉన్నవారెవరూ విసుక్కోలేదు. ఫ్లాస్కులు తెరిచారు, పక్కవారికి పోశారు. మాకు భాష రాకపోయినా ఒక ముసలాయన మా పిల్లలకు తన నారింజలో సగం ఒలిచి ఇచ్చాడు.

మంచు కాస్త పలుచబడగానే పోటీ మళ్లీ మొదలైంది. అప్పుడొక వింత చూశాము. దూకేవాడు కనబడడు, గాడిలో స్కీల రాపిడి మాత్రం వినబడుతుంది. జనమంతా ఒక్క గొంతుతో "హెయా! హెయా!" అని కేకవేస్తారు. "పద! పద!" అన్నట్లు ప్రోత్సహించే మాట అది. కొద్ది క్షణాలకు తెల్లని మంచులోనుండి ఒక మనిషి బయటపడి దిగుతాడు. అతడు మమ్మల్ని చూడలేదు, మేము అతనిని చూడలేదు. అయినా కేక అతనికి చేరింది. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయంలో విశ్వాసపు పరుగును చూస్తున్నవారిని మేఘంతో పోల్చటం మనకు తెలిసినదే. ఆ పోలిక మాకు ఆ పూట చెవులతో అర్థమైంది.

ప్రేక్షకుని పని చిన్నదని మనం అనుకొంటాము. అతడు దూకడు, గెలవడు, పతకం తేడు. చలిలో నిలబడటం, సమయం ఇవ్వటం, పేరు పెట్టి పిలవటం - ఇంతే అతని పని. కాని తల్లిదండ్రులుగా మనకు ఇవ్వబడినది చాలావరకు ఈ పనే. పిల్లవాని బదులు మనం పరీక్ష వ్రాయలేము. వాడు పొగమంచులో ఉన్నప్పుడు మన గొంతు వాడికి వినబడుతున్నదా, వినబడితే అది ఏ మాట అన్నదే మన చేతిలో ఉన్నది.

అడవిలో యాభై కిలోమీటర్లు

దూకుడు అయిన తరువాత మేము అడవి వైపు నడిచాము. అక్కడ 50 కిలోమీటర్ల స్కీ పరుగు జరుగుతున్నది. కొండలో, దేవదారు చెట్ల మధ్య, వలయంగా వేసిన దారిలో ఆటగాళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతారు. రెండు గంటలకు పైగా పట్టే పరుగు. చాలాకాలం ఇది పురుషులదే. 2023 మార్చిలో ఈ కొండ మీదనే స్త్రీలకు ప్రపంచ కప్పు స్థాయిలో మొదటిసారిగా 50 కిలోమీటర్ల పరుగు పెట్టారు. స్కీ దూకుడులో కూడా స్త్రీలకు ఒలింపిక్ ప్రవేశం 2014లోగాని దొరకలేదు. కూతుళ్లున్న తల్లిదండ్రులు ఈ రెండు సంవత్సరాలనూ గుర్తుంచుకోదగును.

దారి పొడవునా జనం మంటలు వేసుకొని కూర్చున్నారు. కొందరు ముందు రోజే గుడారాలు వేసుకొన్నారట. కొన్ని చోట్ల మద్యం కూడా ఉన్నది, కేకలు హద్దు దాటటం కనబడింది. మా బావమరిది అది ముందే తెలిసినవాడు గనుక పిల్లలున్న కుటుంబాలు నిలబడే మలుపు దగ్గరకు మమ్మల్ని తీసుకువెళ్లాడు. వేడుక ఎంత మంచిదైనా పిల్లలను ఎక్కడ నిలబెట్టాలో ముందుగా చూసుకోవటం పెద్దల బాధ్యత.

మొదటి గుంపు బాణాల్లా పోయింది. గెలిచినవాడు గమ్యం చేరినట్లు లౌడ్‌స్పీకరులో చెప్పారు. మేము సంచులు సర్దబోయాము. చుట్టూ ఒక్కరూ కదలలేదు. చాలాసేపటికి ఒంటరిగా ఒక ఆటగాడు వచ్చాడు. గడ్డం మీద మంచు గడ్డకట్టింది, కాళ్లు తడబడుతున్నాయి. మలుపులో ఉన్న జనం మొదటివానికి వేసిన కేకే అతనికీ వేశారు. ఒక తండ్రి భుజం మీద ఉన్న పిల్ల చిన్న గంట మ్రోగించింది. మా అబ్బాయి, "మామయ్యా, ఇతనికి ఏమీ రాదు గదా, ఎందుకు కేకలు?" అని అడిగాడు. "ఇతను కూడా యాభై కిలోమీటర్లే వచ్చాడు కదరా" అన్నాడు మామయ్య.

చివరివానిని మెచ్చుకోవటం ఒక్క నార్వే గుణమే కాదు. 1988లో కెనడాలోని కాల్గరీ ఒలింపిక్సులో ఎడ్డీ ఎడ్వర్డ్స్ అనే ఇంగ్లండు దేశస్థుడు స్కీ దూకుడు రెండు పోటీల్లోను చిట్టచివరగా వచ్చాడు. కళ్లద్దాల మీద మంచు ఆవిరి కమ్ముతుంటే తుడుచుకొంటూ దూకినవాడు. పతకం గెలిచిన అనేకుల పేర్లు మరచిపోయిన జనం అతని పేరు మరువలేదు. మన దేశంలో మనాలి దగ్గర పుట్టిన శివ కేశవన్ 16 ఏళ్ల వయస్సులో 1998 నాగానో ఒలింపిక్సుకు వెళ్లాడు. మంచు మీద బల్లబండి మీద పడుకొని జారే ల్యూజ్ అనే ఆట అతనిది. మన దేశంలో ఆ ఆటకు తగిన మంచు దారి లేక, బల్లకు చక్రాలు బిగించి హిమాలయపు ఘాట్ రోడ్ల మీద సాధన చేశాడు. 2018 వరకు ఆరు ఒలింపిక్సులలో పాల్గొన్నాడు. ఒక్క పతకమూ రాలేదు. అయినా అతని వలన మన పిల్లలకు ఒక దారి ఉన్నదని తెలిసింది.

నంబరు లేని బహుమతి

ఆ సాయంత్రం ఇల్లు చేరిన తరువాత మా బావమరిది కుమార్తె గోడకు తగిలించిన పతకం చూపింది. తొమ్మిదేళ్ల పిల్ల. వాళ్ల పేట స్కీ సంఘం పోటీలో వచ్చిందట. మా అబ్బాయి వెంటనే, "నీ ర్యాంకు ఎంత?" అన్నాడు. ఆ పిల్లకు ప్రశ్న అర్థం కాలేదు. తల్లి వివరించిన తరువాత, "ర్యాంకు లేదు. అందరికీ ఇచ్చారు. ఎవరు ముందు వచ్చారో మాకు తెలుసులే, కాని ఎవరూ రాసి పెట్టరు" అన్నది.

ఇది ఆ సంఘం వారి ముచ్చట కాదు, దేశమంతటి నియమం. పిల్లల ఆటలకు నార్వే క్రీడా సమాఖ్య 1987లోనే కట్టుబాట్లు చేసింది. 2007లో పిల్లల హక్కుల పత్రం ఆమోదించింది. దాని ప్రకారం 11 ఏళ్లు నిండే సంవత్సరం వచ్చేదాకా ఫలితాల పట్టికలు, వరుస నంబర్లు ప్రకటించరాదు. 12 ఏళ్ల వరకు బహుమతులు ఇస్తే అందరికీ ఇవ్వాలి. ఏ ఆట ఆడాలో, ఎంత ఆడాలో చెప్పే హక్కు పిల్లలకు ఉన్నది.

ఇలా పెంచితే పిల్లలు మెత్తబడిపోతారని మనకు తోచవచ్చు. లెక్క వేరుగా ఉన్నది. నార్వే జనాభా సుమారు 55 లక్షలు, మన హైదరాబాదు పట్టణమంత కూడా లేదు. 2018 శీతకాల ఒలింపిక్సులో వారు 39 పతకాలు గెలిచారు. 2022లో 16 స్వర్ణాలు గెలిచారు. అప్పటివరకు ఏ దేశమూ ఒక శీతకాల ఒలింపిక్సులో అన్ని స్వర్ణాలు గెలవలేదు. మంచు, డబ్బు, ఇంటింటా స్కీ అలవాటు - ఇవన్నీ కారణాలే. కాని చిన్నతనంలో నంబరు వేయకపోవటం వలన ఆట మానివేసినవారు తక్కువ, పెద్దయ్యాక మిగిలినవారు ఎక్కువ అని అక్కడివారు నమ్ముతారు.

వారు దేవదూతలని మేము చెప్పటం లేదు. 2025 మార్చిలో వారి దేశంలోనే ట్రొండ్‌హైమ్ పట్టణంలో ప్రపంచ పోటీలు జరిగినప్పుడు, నార్వే జట్టు సిబ్బందే దూకుడు బట్టలలో నియమానికి విరుద్ధంగా మార్పులు చేసి కుట్టారు. రహస్యంగా తీసిన వీడియో బయటపడింది. జట్టు పెద్దలు ఒప్పుకొన్నారు. ఇద్దరు ప్రసిద్ధ ఆటగాళ్లను ఆ పోటీ నుండి తొలగించారు. సొంత గడ్డ మీద, సొంత జనం ఎదుట కలిగిన అవమానం అది. నంబరు మీద ఆశ పెద్దలకు పట్టినప్పుడు దారంలో కూడా అబద్ధం దూరుతుంది. పిల్లలకు చెప్పే నియమం పెద్దలకూ కావాలని ఆ దేశం నేర్చుకోవలసి వచ్చింది.

మన సంగతి

మేము తిరిగివచ్చి ఈ సంగతులు చెప్పినప్పుడు మా సంఘంలోని ఒక తండ్రి ఇలా అన్నారు: "అయ్యగారూ, వాళ్లకేమండీ! జనం తక్కువ, సీట్లు ఎక్కువ. మాకు ర్యాంకు లేకపోతే మా వాడికి సీటెవరిస్తారు?" ఆయన ఆటో నడిపి ఇద్దరు పిల్లలను చదివిస్తున్నారు. ఆ ప్రశ్నను కొట్టివేసే హక్కు ఎవరికీ లేదు. మన దేశంలో లక్షల మంది వ్రాసే పరీక్షకు వేలలోనే సీట్లు ఉంటాయి. అక్కడ ర్యాంకు తప్పదు.

అయితే ప్రియులారా, పరీక్ష హాలులో తప్పనిది ఇంటిలో కూడా తప్పదా? ఆరవ తరగతి పిల్లవానికి వారం వారం ర్యాంకు గోడకు అంటించటం ఏ సీటు కొరకు? నార్వే వారు కూడా ర్యాంకు వేస్తారు, పతకానికి కఠినంగా పోటీ పడతారు. కాని ఎముక ముదిరేదాకా బరువు పెట్టరు. మన ఊళ్లలో ఫలితాలు వచ్చిన మరునాడు ఒకటి, ఒకటి, రెండు, మూడు అని టీవీలో అరుపులు వినబడతాయి. అదే వారంలో పత్రికల లోపలి పేజీలలో మరొక రకం వార్తలు వస్తాయి. వాటిని మనమందరమూ చదువుతున్నాము. తప్పినందుకు కాదు, అనుకొన్నన్ని మార్కులు రానందుకు ప్రాణం తీసుకొన్న పిల్లలున్నారు. ఆ పిల్లల తల్లిదండ్రులను నిందించటానికి మేము ఇది వ్రాయటం లేదు. ఇంకా మన మధ్య ఉన్న పిల్లల కొరకు వ్రాస్తున్నాము.

కాబట్టి ఈ ఏడు ఫలితాలు రాకముందే కొన్ని పనులు చేయవచ్చు. మొదటిది, ఫలితం ఎలా వచ్చినా ఆ రోజు రాత్రి ఇంటిలో అందరూ కలిసి భోజనం చేస్తామని ఇప్పుడే పిల్లలకు చెప్పండి. ఆ రోజు చెబితే నమ్మరు, ముందుగా చెబితే గుర్తుంటుంది. రెండవది, ఆ రోజు పిల్లలను ఒంటరిగా విడవకండి. ఫోను పట్టుకొని గదిలోకి వెళ్లి తలుపు వేసుకొంటే మీరూ వెళ్లి పక్కన కూర్చోండి. మూడవది, పక్కింటి పిల్లల మార్కులు ఆ వారమంతా మీ నోట రానివ్వకండి. నాల్గవది, పిల్ల మాటలో "నేను భారం", "నేను ఉండి ఎందుకు" వంటివి వినబడితే తిట్టకండి, తేలికగా తీసుకోకండి. వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. టెలీ-మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రానికి 14416 నంబరుకు ఫోను చేస్తే రాత్రింబగళ్లు తెలుగులో కూడా మాట్లాడతారు. ఈ నంబరు గోడ క్యాలెండరు మీద వ్రాసి పెట్టండి.

ఇక ఆటల సంగతి. మీ పిల్లల బడిలో ఆటల దినం ఉంటే ఆ పూట పని మానుకొని ఇంటిల్లిపాదీ వెళ్లండి. మీ పిల్ల పరుగు అయిపోగానే లేచి రాకండి, చివరి పిల్ల వచ్చేదాకా ఉండి చప్పట్లు కొట్టండి. అది చూసిన మీ పిల్లకు, రేపు తానే చివరగా వచ్చినా మీరు లేచి వెళ్లరని తెలుస్తుంది. మంచు ఆటలే చూడాలనుకొంటే విదేశం పోనక్కరలేదు. 2020 నుండి లేహ్‌లోను, కాశ్మీరులోని గుల్మార్గ్‌లోను ఖేలో ఇండియా శీతకాల క్రీడలు జరుగుతున్నాయి. అయితే ప్రయాణం కట్టుకొనేముందు మంచు సంగతి కనుక్కోండి. 2025లో గుల్మార్గ్‌లో మంచు చాలక ఫిబ్రవరి పోటీలను మార్చికి వాయిదా వేశారు.

చివరిగా నార్వే వారి మరొక పరుగును గురించి చెప్పి ముగిస్తాము. 1206లో ఆ దేశంలో అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు, రెండేళ్లయినా నిండని హాకోన్ అనే రాజకుమారుని శత్రువుల బారి నుండి తప్పించటానికి ఇద్దరు యోధులు వానిని ఎత్తుకొని శీతకాలపు కొండలు స్కీల మీద దాటారు. ఆ బిడ్డ బ్రతికి 1217లో రాజయ్యాడు. దాని జ్ఞాపకంగా 1932 నుండి రేనా నుండి లిల్లెహామర్ వరకు 54 కిలోమీటర్ల పరుగు పెడుతున్నారు. ఆ పరుగులో ప్రతివాని వీపునా కనీసం 3న్నర కిలోల మూట ఉండాలి. అది ఆ బిడ్డకు గుర్తు. ఎంత వేగంగా వచ్చినా గమ్యం దగ్గర మూట బరువు తక్కువైతే ఆ పరుగు చెల్లదు.

మనమూ పిల్లలను ఎత్తుకొని కొండ దాటుతున్నవారమే. గమ్యం చేరిన వేళ మనలను అడిగే ప్రశ్న ఎంత త్వరగా వచ్చావని కాకపోవచ్చు, మూట భద్రంగా ఉన్నదా అని కావచ్చు. ఈ పరీక్షల కాలంలో మీ ఇంట ఉన్న ప్రతి బిడ్డా భద్రంగా ఉండాలని మా కుటుంబమంతా కోరుకొంటున్నాము.

వచ్చే నెల మళ్లీ కలుసుకొందాము.